పద్నాలుగో మడి పలక

ఆదివారం ఉదయాల్లో అమీన్‌పూర్ చెరువు గట్టు మీద పిట్టల ఫోటోలు తీసే మీలాంటి పిల్లలు చాలామంది కనిపిస్తారు. ఒక్కొక్కరి దగ్గర చేతి పొడవు లెన్సు. నేను రోజూ అక్కడ నడుస్తాను. ఒకప్పుడు నా ఉద్యోగం ఇదేనని ఎవరో చెప్పారట, పోయిన చలికాలం ఒక యువకుడు దగ్గరికొచ్చి కెమెరా తెర నా ముందు పెట్టాడు. లకుముకిపిట్ట. కంట్లో చిన్న వెలుగుచుక్క, ముక్కు ముందు కావలసినంత ఖాళీ, వెనక అంతా కరిగిపోయిన ఆకుపచ్చ. తప్పు పట్టడానికేమీ లేదు.

"ఇది దేని మీద కూర్చుంది?" అని అడిగాను.

"తెల్వదు సార్. ఏదో కడ్డీ. కింద చెత్త ఉండె, ఫ్రేములకు రాకుండ చూసిన. బ్యాక్‌గ్రౌండ్ క్లీన్ వచ్చింది గద?"

బాగుందని చెప్పి ముందుకు నడిచాను. అతనికి నేను చెప్పవలసింది గట్టు మీద నిలబడి చెప్పే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను ఒక విత్తనాల కంపెనీలో ఫోటోగ్రాఫర్‌గా పనిచేశాను. సంచుల మీద వేసే మొక్కజొన్న పొత్తులు, జొన్న కంకులు, రైతులకు చూపించే గోడపత్రికలు నా పని. కంపెనీ ప్రయోగ క్షేత్రం లక్డారం ఊరు దాటాక ఉండేది. ఒక పక్క ఫ్యాక్టరీ గోడ, మరో పక్క బండ్లబాట, మధ్యలో మడులుగా విడగొట్టిన చేలు.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పక తప్పదు. నా తప్పు పుట్టింది అక్కడే. మా తాత ఊరి పటేల్. హద్దు దగ్గర తగాదా వస్తే ఆయన వచ్చి వేలు చూపించేవాడు. వేలు చూపిన చోట రాయి పాతేవారు. కాగితం తెమ్మని అడిగిన వాడు లేడు. మా నాన్న కాలానికి ఆ భూమి సగం కోర్టుల చుట్టూ తిరిగి కరిగిపోయింది, సగం ఫ్యాక్టరీ గోడల లోపలికి వెళ్లిపోయింది. నాకు మిగిలినవి నిటారుగా నిలబడే అలవాటు, పాతవాళ్లు పిలిచే 'పటేలా' అనే పిలుపు. సంగారెడ్డిలో ఒక స్టూడియోలో పని నేర్చుకుని ఈ ఉద్యోగంలో చేరినప్పుడు, పటేల్ మనవడు జీతానికి కుదిరాడని చుట్టాలు అన్నారు. అననిచ్చాను. నా పనికి మాత్రం ఎవరూ వంక పెట్టే అవసరం రాకూడదని నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను.

ఒక ఏడు క్షేత్రంలో కొత్త జొన్న వేశారు. పక్షులు తినని జొన్న. దాని గింజ పాలు పోసుకునే దశలో వగరుగా ఉంటుంది, నోట పెట్టిన పిట్ట ఉమ్మేసి పోతుంది అని దాన్ని తయారుచేసిన సైంటిస్టు నమ్మకం. ఆయనది కృష్ణా జిల్లా. మెత్తని మనిషి. ఎనిమిదేళ్లు ఆ ఒక్క గింజ మీదే గడిపాడు. పద్నాలుగో మడిలో ఈ కొత్త జొన్న, దానికి ఆనుకుని పదిహేనో మడిలో పోల్చి చూడడానికి మామూలు జొన్న. రెండింటి కంకులూ చూడడానికి ఒకేలా ఉంటాయి. ఏ మడికి ఆ మడి మూలన, నడుమెత్తు కర్రకు, నంబరు రాసిన పసుపుపచ్చ పలక ఉంటుంది.

ఆ పని కోసమే కంపెనీ పెద్ద లెన్సు కొన్నది. ఏ పక్షి ఏ మడి మీద వాలుతున్నదో, ఏం చేస్తున్నదో ఫోటోలు కావాలి.

"ఒక్క మాటండి. ఫోటోలో పలక కనపడాలి. కుదరకపోతే ముందు పలకదొక ఫోటో తీసి, ఆ తర్వాత పక్షిది తీయండి. ఏ మడో తెలియాలి కదా" అన్నాడు సైంటిస్టు.

తల ఊపాను. మొదటి రోజు అలాగే తీశాను. సాయంత్రం తెర మీద చూసుకుంటే నా ఫోటోల మధ్య పసుపుపచ్చ పలకలు వరసగా కనిపించాయి, బడిపిల్లల మెడలో కట్టిన చీటీల్లా. రెండో రోజు నుంచి మానేశాను.

నా దగ్గర సాకు లేకపోలేదు. ఆ లెన్సులోంచి చూడడం గొట్టంలోంచి చూడడం లాంటిది. కంకి మనిషి తలకంటే ఎత్తులో ఉంటుంది, పలక నడుము దగ్గర ఉంటుంది. రెండూ ఒకే ఫ్రేములో పట్టాలంటే కెమెరాను నిలువుగా తిప్పి చాలా వెనక్కి జరగాలి. అప్పుడు చిలుక చింతగింజంత అవుతుంది. పైగా ఆ పసుపు రంగు కంటిని కిందికి లాగేస్తుంది. ఇవన్నీ నిజాలే. అసలు నిజం ఇంకొకటి. ఏ మడో నాకు తెలుసు, అడిగితే చెప్తాను, నేను చెప్తే చాలు అనుకున్నాను. తాత వేలు నా చేతికి కూడా ఉన్నదనుకున్నాను.

మరో అలవాటు కూడా ఉండేది. ప్రతి సాయంత్రం నాలుగైదు మంచి ఫోటోలు ఉంచి మిగతావన్నీ చెరిపేసేవాణ్ని. చెడ్డ ఫోటో నా పేరు మీద ఉండకూడదు.

చేనుకు కావలి లక్డారం మనిషి, నా కంటే ఐదారేళ్లు పెద్దది. ఆమె అత్త ఒకప్పుడు మా పొలాల్లో నాట్లు వేసిందట. మిగతా మడుల్లో మంచె మీద నుంచి డబ్బా కొట్టి పిట్టల్ని తోలేది. ఈ రెండు మడుల్లో మాత్రం పిట్టల్ని తోలవద్దని, మనుషుల్నీ పశువుల్నీ రానివ్వకుండా చూస్తే చాలని ఆమెకు చెప్పారు. నేను లెన్సు మోసుకుంటూ వచ్చిన మొదటి రోజే మంచె మీద నుంచి పలకరించింది.

"ఏంది పటేలా, గా ఫిరంగి ఎవరి మీద పేలుస్తవ్?"

"చిలుకల మీద."

"జెర సూసి పేల్చు. నా మంచె లేచిపోతది."

నేను నవ్వలేదు. పనివాళ్లతో నవ్వే అలవాటు మా ఇంట్లో లేదు. ఆమె నా నవ్వు కోసం చూడలేదు కూడా.

"గా కుర్చీ పలక కాడ సూడు. పొద్దుగాల మూడు చిలుకలొస్తున్నయ్. కంకి పుటుక్కున కొరికి గోడవతల తుమ్మచెట్టు మీదికి తీస్కపోతయ్" అంది.

ఆమెకు చదువు రాదు. పద్నాలుగులోని నాలుగు అంకె ఆమె కంటికి తిరగేసిన కుర్చీలా కనపడేది. ప్రతి పలకకూ ఆమె దగ్గర అలాంటి పేరొకటి ఉండేది.

ఆమె చెప్పిన చోటే కూర్చున్నాను. మూడో రోజు నా జీవితంలో తీసిన వాటిలో అందమైన ఫోటో దొరికింది. రామచిలుక, కొరికిన కంకిని ముక్కున పట్టుకుని ఎగరడానికి రెక్క విప్పింది. మెడ మీది గులాబీ రంగు గీత, రెక్కలోంచి దిగుతున్న ఎండ, వెనక ఒక్క మరక లేని ఆకుపచ్చ. ఆ తర్వాతి ఏడు కంపెనీ దాన్ని క్యాలెండర్ మీద వేసింది.

చిలుకలు తింటున్నాయని ఆమె సూపర్‌వైజర్‌కు కూడా చెప్పింది. అతనిది పక్క ఊరే.

"గా జొన్న చిలుకలు తినయని సార్ చెప్పిండు. నీకెక్వ తెలుసా, సార్‌కెక్వ తెలుసా?" అన్నాడు.

"సార్ చెప్పింది చిలుకలకు తెల్వదేమో" అంది ఆమె.

కోతకు ముందు కంకులు లెక్కపెట్టారు. రెండు మడుల్లోనూ చాలా కంకులు లేవు. కాడలు కోసినట్టు ఉన్నాయి. పదిహేనులో పోయినవాటిని పక్షులు తిన్నట్టు రాశారు. పద్నాలుగులో పోయినవి ఎవరు తిన్నట్టు రాయాలి? పక్షులు తినని జొన్న అది. పశువులు తొక్కిన జాడ లేదు. ఇక మిగిలింది మనిషి చెయ్యి. అక్కడ రోజంతా ఉండే మనిషి ఒక్కతే.

మధ్యాహ్నం బువ్వల వేళ, కోతకు వచ్చిన కూలీలందరి ముందు, సూపర్‌వైజర్ ఆమెను సద్దిమూట విప్పమన్నాడు. విప్పింది. రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, కాగితంలో మడిచిన కారం.

"ఇయ్యాల లేకుంటే ఏందే? రోజూ మూట కడ్తివి గద" అన్నాడు.

ఆమె మళ్లీ మూట కట్టింది. కట్టేటప్పుడు ముడి రెండుసార్లు జారింది. నేను గట్టు మీద కూర్చుని లెన్సు తుడుస్తున్నాను. చిలుక ఎగిరిపోవడం నా కళ్లతో చూసినవాణ్ని. కానీ సూపర్‌వైజర్‌కూ కూలికీ మధ్య మాటలో దూరడం నా స్థాయి కాదనుకున్నాను. ఆఫీసులో అడిగితే చెప్పవచ్చులే అనుకున్నాను. పిల్లలూ, నా ఉద్యోగ జీవితంలో నేను బాగా సిగ్గుపడే సంగతి అదే. తర్వాత జరిగింది దాని కొనసాగింపు మాత్రమే.

మరుసటి రోజు ఆఫీసులో విచారణ. దొంగ అని తేలితే ఆమెకు ఈ చేనే కాదు, ఆ చుట్టుపక్కల ఏ క్షేత్రమూ పని ఇవ్వదు. ఆమె కోడలు కూడా అలాంటి చేలల్లోనే పనిచేస్తుంది. ఆమె వాదించలేదు. ఒక్క మాట అంది.

"పటేల్ ఫోటోలు తీసిండు గద. గవి సూడుండ్రి."

తెర మీద నా ఫోటో తెరిచాను. గదిలో అందరూ ఒక క్షణం దాన్ని చూస్తూ ఉండిపోయారు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో కూడా నాకు గర్వం కలిగింది.

"చాలా బాగా తీశారండి" అన్నాడు సైంటిస్టు. "ఇది ఏ మడి?"

"పద్నాలుగు."

"పదిహేను కాదని ఎలా చెప్పడం?"

"నేను చెప్తున్న గద."

ఆయన నొచ్చుకున్నట్టు కళ్లు దించుకున్నాడు. "మీ మాట మీద నాకు గౌరవం ఉందండి. కానీ నేను కాగితం మీద పెట్టాల్సింది మాట కాదు. పలక ఉన్న ఫోటో ఇంకేమైనా ఉందా?"

లేదు. రెక్క సగం తెగినవి, చిలుక వెళ్లిపోయి ఖాళీ కాడ మిగిలినవి, పొరపాటున పలక మూల పడినవి కూడా కొన్ని ఉండి ఉండాలి. అన్నీ ఏ రోజుకు ఆ రోజు నా చేత్తోనే చెరిపేశాను. తుమ్మచెట్టు కింద కొరికిన కంకులు దొరికాయి. వాటికీ పలక లేదు, ఏ మడివో అవి చెప్పలేవు.

ఆమె తెరకు దగ్గరగా వచ్చి, ఫోటో నాలుగు మూలలూ వెతికింది.

"కుర్చీ ఏది పటేలా?"

నేను ఫోటో కింది అంచు వైపు చూశాను.

"నువ్వు గాడనే కూసుంటివి గద. కుర్చీ నీ ముంగటనే ఉండె."

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. ఎదురుగా ఉన్నదాన్ని ఫోటోలోకి రాకుండా చేయడం ఒక పని అని, దానికి నేర్పు కావాలని, ఆ నేర్పుకే నాకు జీతమని ఆమెకు ఎలా తెలుస్తుంది?

ఆమె మాట ఎవరూ నమ్మలేదు. నా మాట కూడా నమ్మలేదు. ఆ గదిలో మేమిద్దరం సమానంగా నిలబడిన సంగతి నాకు కొంచెం ఆలస్యంగా తట్టింది.

తెల్లారితే ఆ రెండు మడుల కోత.

"కోత ఆపండి" అన్నాను. ఆజ్ఞ ఇచ్చినట్టు వచ్చింది మాట. సైంటిస్టు తల ఎత్తి చూశాడు. మళ్లీ అన్నాను. "పద్నాలుగులో రెండు వరుసలు ఉంచండి సార్. పలకతో తీసుకొస్తాను. తప్పు నాది. అడుగుతున్నాను."

అంతకు ముందు ఏ యజమాని దగ్గరా ఆ చివరి మాట నా నోటి నుంచి రాలేదు.

"పటేల్ అడుగుతుండంటే ఇయ్యాలె సార్" అన్నాడు సూపర్‌వైజర్, నవ్వు దాచుకోకుండా. దాచుకోవలసిన అవసరం అతనికి లేదు.

సైంటిస్టు తెర మీది చిలుకను మళ్లీ చూశాడు. "మీరు ఆ ఫోటో తెస్తే నా ఎనిమిదేళ్ల పని ఏమవుతుందో తెలుసు కదండి" అన్నాడు.

"తెలుసు."

"రెండు వరుసలే. ఎల్లుండి మధ్యాహ్నం దాకా."

ఇవ్వకపోయినా ఆయన్ను అడిగేవాడు లేడు. ఈ కథలో తల వంచి దండం పెట్టవలసిన మనిషి ఎవరంటే ఆయన పేరే చెప్తాను.

మొదటి ఉదయం పాత అలవాటు చొప్పున సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని తూర్పున కూర్చున్నాను. పలక పడమటి బాటవైపు తిరిగి ఉంది. నాకు దాని వెనక భాగమే కనపడుతోంది. కర్ర పీకి ఇటు తిప్పితే ఒక్క నిమిషం పని. కానీ నా చెయ్యి పడిన పలకను ఎవరు నమ్ముతారు? తొమ్మిది దాటినా చిలుకలు వాలలేదు. రెండుసార్లు వచ్చి నన్ను చూసి మళ్లిపోయాయి.

విచారణ తేలేదాకా ఆమె చేనులో అడుగు పెట్టకూడదు. ముళ్లకంచె బయట బండ్లబాట మీద సద్దిమూటతో నిలబడి ఉంది. పొద్దున్నుంచీ అక్కడే ఉందని అప్పుడే చూశాను.

"గాడ కాదు పటేలా" అంది. "చిలుకలు నీ ఎనక నుంచే వస్తయ్. పొద్దు కండ్లల్ల కొడ్తదని గాడ కూసున్నవ్. రేపు గీ పక్కకు రా."

"ఈ పక్కనుంచి తీస్తే ఫోటో నల్లగ వస్తది" అన్నాను.

"రానియ్. కుర్చీ కనపడ్తదా లేదా?"

"కనపడ్తది."

"ఇగ చాలు."

రెండో ఉదయం ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు ఇంకా రాకముందే పడమటి గట్టు దిగి కాలువ తడిలో కూర్చున్నాను. ఎదురు ఎండ. కెమెరా నిలువుగా తిప్పాను. కింద పలక, పైన కంకి, రెండింటి మధ్య అక్కరలేని ఆకులు. సరిగ్గా కంకి వెనక ఫ్యాక్టరీ పొగగొట్టం. ఒక అడుగు పక్కకు జరిగితే గొట్టం పోతుంది, కానీ పలక ఆకుల్లోకి వెళ్లిపోతుంది. జరగలేదు. నా వెనక కంచె అవతల ఆమె ఉంది. చాలాసేపయ్యాక ఆమె చిన్నగా, "వస్తున్నయ్" అంది. ఆ తర్వాతే నాకు చిలుకల అరుపు వినిపించింది.

మూడు కాదు, రెండే వచ్చాయి. ఒకటి పద్నాలుగో మడి వరుస చివరి కంకి మీద వాలి కాడకు ముక్కు పెట్టింది. నొక్కాను. కంకి తెగి చిలుకతో పాటు పైకి లేచేదాకా వేలు తీయలేదు.

ఆ ఫోటోలో చిలుక నల్లటి నీడలా ఉంది. కన్ను కనపడదు. తోక చివర ఫ్రేము అంచున తెగిపోయింది. తలలోంచి పొగగొట్టం మొలిచినట్టు ఉంది. కొత్తవాళ్లను నేను తిట్టే తప్పులన్నీ అందులో ఉన్నాయి. పలక మీద నీడ పడినా, అంకె మాత్రం పసిపిల్లవాడు కూడా చదివేలా ఉంది.

సైంటిస్టు దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూశాడు. "ముదిరేసరికి వగరు పోతోందన్నమాట" అన్నాడు తనలో తాను. తర్వాత తన పుస్తకం తెరిచి పద్నాలుగో మడి పేజీలో ఏదో కొట్టేసి, ఏదో రాసి, సూపర్‌వైజర్‌తో ఆమెను పనిలోకి పిలవమన్నాడు.

ఆమె ఆఫీసులోకి రాలేదు. కంచె దగ్గరే నిలబడి నన్ను పిలిపించింది.

"లోపట అందరు సూసిన్రా పటేలా?"

"చూసిన్రు. నీ తప్పు లేదని రాసిన్రు."

"రాసింది నేను సదువలేను. నా మూట నలుగుర్ల ఇప్పించిన్రు గద. గది గూడ గా నలుగుర్లనే సూపియ్యాలె."

న్యాయమైన మాట. ఆఫీసులో ఉన్న ప్రింటరు మీద ఆ ఫోటోను తీయగలిగినంత పెద్దదిగా కాగితం మీద తీశాను. మధ్యాహ్నం బువ్వల వేళ, కూలీలు గట్టు మీద కూర్చున్నప్పుడు, దాన్ని రెండు చేతులతో పట్టుకుని వాళ్ల ముందు నిలబడ్డాను. సూపర్‌వైజర్ కూడా ఉన్నాడు. మా తాత ఆ మట్టి మీదే ఎక్కడో వేలు చూపించి ఉంటాడు.

"కంకులు తీస్కపోయింది చిలుకలు. ఈమె ముందే చెప్పింది. నేను కూడ చూసిన, ఫోటో తీసిన. కానీ పలక లేకుండ తీసిన. అందుకే ఈమె మీదికి వచ్చింది. మూట విప్పించిననాడు నేను ఈడనే ఉండి నోరు తెరువలేదు. తప్పు నాది" అన్నాను.

ఒక ముసలాయన రొట్టె పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. సూపర్‌వైజర్ నేల చూశాడు. తర్వాత ఆమె దగ్గరికి వెళ్లి, "రేపటి సంది రా అక్కా" అన్నాడు.

"రాను. ఇంక శానా చేండ్లున్నయ్" అంది ఆమె.

తర్వాత నా చేతిలోని కాగితాన్ని దగ్గరగా చూసింది. చిలుక దగ్గర ఆమె చూపు ఆగలేదు. కిందికి వచ్చి, పలక మీద వేలు పెట్టింది.

"కుర్చీ మంచిగ వడ్డది పటేలా" అంది.

సద్దిమూట చంకన పెట్టుకుని బండ్లబాట పట్టింది. మరెప్పుడూ ఆ క్షేత్రానికి రాలేదు. నేను ఉద్యోగ విరమణ చేసేదాకా, పలక లేని ఫోటో ఒక్కటి కూడా ఆ క్షేత్రంలో తీయలేదు.

క్యాలెండర్ మీది చిలుక ఫోటో నా దగ్గర లేదు. ఉంచుకోలేదు. పటేల్‌గూడలో నేను ఉంటున్న కిరాయి ఇంట్లో, ముందు గదిలో, గోడకు ఒక్క ఫోటోనే ఉంది. ఫోటోల గురించి తెలిసినవాళ్లు ఎవరైనా వస్తే దాని ముందు ఆగుతారు. తల నుంచి మొలిచిన గొట్టం, తెగిన తోక, మధ్యలో పసుపుపచ్చ పలక చూసి, ఇంత అధ్వాన్నంగా ఎవరు తీశారండీ అని మొహమాటపడుతూ అడుగుతారు.

నేనే, అంటాను.